యుద్ధక్రీడలలో నియమావళి ఎంపిక – మహాసంగ్రామానికొకటి, చిరుపోరాటానికొకటి

చదరంగం మన దేశాన పుట్టిన ఆట అన్న సంగతి పాఠకులకు విదితమే. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగంగాల సేనను గళ్ళ పలకపై నిలిపి పోరాడించిన ఆ చతురంగమే పారశీకానికి వెళ్ళి చత్రంగ్ అయినది. అరబ్బుల చేతిలో షత్రంజ్ అయినది. అక్కడినుండి ఐరోపాకు చేరి నేటి రూపం దాల్చినది. ఇంతటి చరిత్ర గల ఆటను చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. కాని చదరంగం యుద్ధానికి సంకేతమే తప్ప యుద్ధానికి నమూనా కాదు. అందులో ఆజ్ఞ ఇచ్చుటే తడవుగా అమలు జరుగుతుంది. గుర్రం అలసిపోదు, బంటు భయపడి పారిపోదు. ప్రత్యర్థి బలగమంతా మన కళ్ళెదుటనే ఉంటుంది. యుద్ధభూమిలో ఈ మాటలలో ఒక్కటీ నిజం కాదు.

ఈ లోటును గుర్తించి చదరంగాన్ని యుద్ధానికి దగ్గర చేయాలని కొందరు ప్రయత్నించారు. జర్మనీలోని బ్రన్స్‌విక్ నగరంలో హెల్విగ్ అనే ఉపాధ్యాయుడు 1780లో పలకను వేయికి పైగా గళ్ళకు పెంచి, కొండలను, నదులను రంగులతో చూపాడు. అటుపిమ్మట ప్రష్యా దేశంలో రైస్‌విట్జ్ అనే ప్రభువు గళ్ళనే తీసివేశాడు. ఆయన 1812లో ఇసుకనేల, మైదానం, వాగు, ఊరు మొదలైనవాటిని అచ్చులుగా పోసి అమర్చిన ఒక బల్లను రాజుకు సమర్పించాడు. ఆయన కుమారుడు సైన్యాధికారి. 1824లో అతడు ఆ ఆటకు భూపటాలను, పాచికలను, సమగ్రమైన నియమాలను చేర్చి గ్రంథంగా ప్రకటించాడు. దానిని చూచిన సేనాధిపతి ముఫ్లింగ్ మొదట అంతగా పట్టించుకోలేదట. ఆట సాగేకొద్దీ ముచ్చటపడి, ఇది ఆట కాదు, యుద్ధశిక్షణ అన్నాడని చెప్తారు. తరువాత ప్రష్యా పటాలాలకు ఆ ఆట పంపిణీ అయింది. (పటాలం అన్న మన మాట బెటాలియన్ నుండి వచ్చినదే. యుద్ధభాష ఎంత దూరం ప్రయాణం చేస్తుందో చూడండి.)

సైనికశాలల నుండి ఆ ఆటను ఇండ్లలోకి తెచ్చినవారిలో ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ ముఖ్యుడు. ఆయన 1913లో ప్రకటించిన 'లిటిల్ వార్స్' గ్రంథంలో సీసపు సైనికబొమ్మలను నేలపై నిలిపి, స్ప్రింగుతో పనిచేసే బొమ్మఫిరంగితో కొట్టి పడవేసే ఆట ఉన్నది. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 'వార్ గేమ్స్' అనే పుస్తకం వ్రాసిన తరువాత బ్రిటనులోను, అమెరికాలోను ఈ వినోదం పెద్దలలో విరివిగా వ్యాపించింది. నేడు ఆయా దేశాలలో ప్రతి శతాబ్దపు యుద్ధాలకు వేర్వేరు నియమావళులు దొరుకుతున్నవి. మన దేశంలో దీనిని ఎరిగినవారు అరుదు. ఎరిగి ఆడదలచినవారికి మొదటి చిక్కు బొమ్మలు దొరకకపోవడం కాదు. ఇన్ని నియమావళులలో దేనిని ఎన్నుకోవాలి అన్నదే మొదటి చిక్కు. ఆ చిక్కును గూర్చి నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు విద్యార్థుల ముందుంచుతున్నాను. నేను తెలుగు బోధించేవాణ్ణే గాని చరిత్రాధ్యాపకుణ్ణి కాను. చరిత్రశాఖ మిత్రులు నా చొరవను మన్నింతురుగాక.

మొట్టమొదట నియమావళి అంటే ఏమిటో తెలిసికోవాలి. ఒక వంతులో దళం ఎంతదూరం నడవగలదు, ఎంతదూరం కాల్చగలదు, ఆ కాల్పుల వల్ల ఎదుటివారికెంత నష్టం, ఎంత నష్టపోయిన పిదప దళం ధైర్యం సడలి వెనుదిరుగుతుంది – ఇటువంటి ప్రశ్నలన్నింటికి ముందుగానే వ్రాసి ఉంచిన సమాధానాల సంపుటి అది. వానకు తడిసిన మందు, బెదరిన గుర్రం, దారి తప్పిన వార్తాహరుడు మొదలైన అనూహ్య సంఘటనల స్థానంలో పాచిక నిలుస్తుంది. కవికి ఛందస్సు ఎటువంటిదో యుద్ధక్రీడకు నియమావళి అటువంటిది. పల్నాటి వీరుల దీర్ఘగాథకు ద్విపద నడక కుదిరినది. ఒక్క చమత్కారాన్ని చటుక్కున చెప్పి ఊరుకోవాలంటే కందం చాలు. కందంలో వీరగాథ అంతా చెప్పబూనినా, చాటువుకు వేయి ద్విపదలు వెచ్చించినా తప్పు ఛందస్సుది కాదు, ఎన్నుకున్నవానిది.

మా ఉర్దూ శాఖ మిత్రులొకరు ఈ సందర్భంలో ఒక మాట గుర్తుచేశారు. ఉర్దూలో బిసాత్ అంటే చదరంగపు గుడ్డ. మనిషి తాహతుకు, స్తోమతుకు కూడ అదే మాట. ఆటగాడు తన బిసాత్ ఎంతో చూచుకొని మరీ బిసాత్ పరవాలన్నమాట. బల్ల ఎంత, సమయమెంత, మనుషులెందరు అన్న మూడు లెక్కలు చూడకుండా నియమావళి కొనడం శుద్ధ దండుగ. ఆ లెక్క ఎట్లా వేయాలో ఒక ఉదాహరణతో చూపుతాను.

1960, 70 దశకాలలో వెలువడిన అనేక నియమావళులలో ఒక బొమ్మ ఇరువదిమంది సైనికులకు ప్రతినిధి. తుపాకులు పట్టిన కాలపు పదాతులు రెండు వరుసలుగా నిలిచారనుకుందాం. ఇరువదిమంది నిలవడానికి పదిమంది వెడల్పు కావాలి. మనిషికి అరవై సెంటీమీటర్ల చొప్పున ఆరు మీటర్లు. బొమ్మ పీట వెడల్పు రెండు సెంటీమీటర్లు. అంటే బల్లపై ఒక సెంటీమీటరు నేలపై మూడు మీటర్లు. ఆరడుగుల బల్ల పొడవునా సుమారు 550 మీటర్ల యుద్ధభూమి మాత్రమే పడుతుంది. రెండు మూడు పటాలాలు ఎదురెదురుగా నిలిచే పోరుకు ఇది చక్కగా సరిపోతుంది. ఇప్పుడు ఇదే కొలతను అమెరికా అంతర్యుద్ధంలోని గెటిస్‌బర్గ్ సంగ్రామానికి పెట్టి చూడండి. 1863 జూలై 1, 2, 3 తేదీలలో జరిగిన ఆ యుద్ధంలో ఇరుపక్షాలా కలిపి సుమారు లక్షా అరవైవేల మంది ఉన్నారు. ఉత్తరాది సేన నిలిచిన వరుస గాలపు ముల్లు ఆకారంలో దాదాపు అయిదు కిలోమీటర్లు. మన కొలత ప్రకారం బొమ్మలు ఎనిమిదివేలు కావాలి. బల్ల పదహారు మీటర్లకు మించి ఉండాలి. తరగతిగది చాలదు, వరండా కావాలి.

ఈ లెక్క నాకు మొదట తోచలేదు. రెండేళ్ళ క్రిందట ఉత్సాహవంతులైన కొందరు విద్యార్థులతో కలిసి, బొమ్మలకు బదులు అట్టముక్కలు కత్తిరించి, చిన్న పోరాటాలకై వ్రాసిన నియమావళితో గెటిస్‌బర్గ్ మొదలుపెట్టాను. మూడు ఆదివారాలు ఆడాము. ప్రతి రెజిమెంటుకు విడిగా కాల్పులు, విడిగా పాచిక, విడిగా ధైర్యపరీక్ష. మూడవ ఆదివారం సాయంకాలానికి జూలై 1వ తేదీ ఉదయపు పోరే పూర్తికాలేదు. పట్టణానికి పడమట బ్యూఫోర్డు గుర్రపుదళం కాలినడకన నిలిచి హెత్ డివిజనును అడ్డగిస్తున్నది. రేనాల్డ్సు సహాయానికి ఇంకా రాలేదు. నాలుగవ ఆదివారానికి విద్యార్థులు కూడ రాలేదు. వారిని తప్పుపట్టలేను. ఆనాడు వారు చూచినదేమిటి? తుపాకి గుండ్ల లెక్క. ఆ యుద్ధం ఎందుకు గెలిచారో, ఎందుకు ఓడారో చెప్పగల సంఘటన ఒక్కటీ బల్లమీద జరుగనేలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. నియమావళిని ఎన్నుకొనేముందు ప్రశ్నించవలసినది యుద్ధం పెద్దదా చిన్నదా అని మాత్రమే కాదు. ఆటగాడు ఎవరి కుర్చీలో కూర్చుంటున్నాడు? ఇది అసలు ప్రశ్న. జనరల్ మీడ్ కుర్చీలోనా, ఒక కర్నలు కుర్చీలోనా? సేనాపతి స్థానంలో ఉన్నవాడు ఏ రెజిమెంటు ఏ గోడ చాటున మోకరించిందో ఆలోచించడు. ఆలోచించే వ్యవధి అతనికి లేదు. నా కోర్ మరొకదానికి ఎంతసేపట్లో సాయం చేరగలదు, మిగిలి ఉన్న బలమెంత, ఎవరి మాట ఎంతవరకు నమ్మవచ్చు – ఇవీ అతని చింతలు. మేమో, సేనాపతులమని పేరు పెట్టుకొని హవల్దారుల పని చేశాము.

పెద్ద యుద్ధాలకు వ్రాసిన నియమావళులలో గెటిస్‌బర్గ్‌కు మిక్కిలి అనువైనది రిచ్ హాసెనార్ అనే అమెరికన్ 1990లో ప్రకటించిన 'ఫైర్ అండ్ ఫ్యూరీ'. ఇందులో కదిలే ప్రమాణం బ్రిగేడు. ఒక పీట సుమారు ఇన్నూరుమందికి, ఒక వంతు సుమారు అరగంటకు ప్రతినిధి. ఇరుపక్షాలా కలిపి ఎనభైకి పైగా పదాతి బ్రిగేడ్లున్న ఈ యుద్ధంలో ఒక దినపు పోరును నలుగురైదుగురు ఆటగాళ్ళు ఒక దినంలో ముగించగలరు. ఇంతకంటె విశేషం మరొకటి ఉన్నది. ఆటగాడు తన బ్రిగేడును కదపదలచినప్పుడల్లా పది ముఖాల పాచిక వేయాలి. నాయకుడు దగ్గర ఉంటే కొంత అనుకూలం. దళం చితికి ఉంటే ప్రతికూలం. పాచిక బాగుంటే ఉరుకుతుంది, బాగులేకుంటే నిలిచిపోతుంది, మరీ బాగులేకుంటే వెనుదిరుగుతుంది. ఆజ్ఞ ఇవ్వడం వేరు, ఆజ్ఞ నెరవేరడం వేరు అన్న సత్యం ఆ ఒక్క పాచికలో ఉన్నది.

ఇది కల్పన కాదు. జూలై 1 సాయంకాలం దక్షిణాది సేనాని లీ, సాధ్యమైనచో ఎదుటి గుట్టను పట్టుకొమ్మని ఈవెల్‌కు కబురు పంపాడు. సాధ్యం కాదని ఈవెల్ తలచాడు. గుట్ట ఉత్తరాదివారికే మిగిలింది. మరునాడు ఉత్తరాది పక్షాన సికిల్స్ అనే జనరల్ తన కోర్‌ను ఎవరి అనుమతీ లేకుండానే ముందున్న తోటలోకి నడిపించి, వరుసలో పెద్ద కంత చేశాడు. చదరంగంలో ఇటువంటి ఏనుగు ఉండదు. పెద్ద యుద్ధపు నియమావళిలో ఈ స్వతంత్రబుద్ధికి చోటు లేకపోతే, ఎంత అందమైన బొమ్మలున్నా, ఎన్ని పట్టికలున్నా దానిని ప్రక్కన పెట్టడమే మంచిది.

ఆ యుద్ధంలోనే చిన్న పోరాటానికి ఉదాహరణ కావాలంటే జూలై 2 సాయంకాలం లిటిల్ రౌండ్ టాప్ అనే గుట్టకు వెళ్ళాలి. ఉత్తరాది వరుసకు ఎడమకొసన మెయిన్ రాష్ట్రపు 20వ రెజిమెంటు నిలిచి ఉన్నది. నాలుగువందలకు లోపు మంది. దానికి నాయకుడు కర్నల్ చేంబర్లేన్. యుద్ధానికి ముందు బౌడన్ కళాశాలలో అలంకారశాస్త్రం బోధించినవాడు! తెలుగు పంతులు యుద్ధాల గూర్చి వ్రాయడమేమిటని నవ్వేవారికి నేను ఈయన పేరే చెప్తాను. అలబామా 15వ రెజిమెంటు పలుమార్లు గుట్ట ఎక్కివచ్చింది. చేంబర్లేన్ తన వరుసను తలుపు రెక్క వలె వెనుకకు మడిచి నిలిపాడు. మనిషికి అరవై చొప్పున ఇచ్చిన తూటాలు అయిపోయాయి. అప్పుడు తుపాకి కొనలకు బాకులు బిగించి క్రిందికి దూకారు.

ఈ ఘట్టం 'ఫైర్ అండ్ ఫ్యూరీ'లో ఆడితే ఏమవుతుంది? రెండు పీటలు మరొక రెండు పీటలకు తగులుతాయి. ఒక పాచిక. అంతే. తూటాల కొరత లేదు, వరుస మడవడం లేదు, అలంకారశాస్త్రాధ్యాపకుడూ లేడు. ఇవన్నీ కావాలంటే అదే రచయిత 2010లో ప్రకటించిన రెండవ నియమావళి, 'రెజిమెంటల్ ఫైర్ అండ్ ఫ్యూరీ' ఉన్నది. ఇందులో కదిలే ప్రమాణం రెజిమెంటు. ఒకే రచయిత, ఒకే యుద్ధం, ఒకే పాచిక. అయినా రెండు గ్రంథాలు వ్రాయవలసి వచ్చినది. పెద్ద నియమావళిని భాగించి చిన్నది, చిన్నదానిని గుణించి పెద్దది చేయరాదని దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఇక్కడ విద్యార్థులు జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. గెటిస్‌బర్గ్‌ను చిన్న నియమావళితో మాత్రమే ఆడినవాడు చేంబర్లేనే ఆ యుద్ధాన్ని గెలిపించాడనుకుంటాడు. 1974లో వెలువడిన ఒక ప్రసిద్ధ నవల, దాని ఆధారంగా 1993లో వచ్చిన చలనచిత్రం చూచిన అమెరికనులు అనేకులు అట్లే అనుకొన్నారు. కాని తాను అప్పటికే వెనుకకు మళ్ళవలసిందని ఆజ్ఞ ఇచ్చి ఉన్నానని ఎదుటి రెజిమెంటు కర్నలు ఓట్స్ వ్రాసుకొన్నాడు. పెద్ద నియమావళితో ఆడినవానికి మరొక కారణం కనిపిస్తుంది. ఉత్తరాది వరుస లోపలికి వంగి ఉండడం వల్ల మీడ్ ఒక కొసనుండి మరొక కొసకు త్వరగా బలాన్ని పంపగలిగాడు. దానిని వెలుపలినుండి చుట్టి ఉన్న లీ పంపలేకపోయాడు. బల్లపై రెండు వంతులలో మీడ్ బ్రిగేడు చేరుతుంది, లీ బ్రిగేడుకు నాలుగు వంతులు పడుతుంది. విజయానికి కారణమెవరు అన్న ప్రశ్నకు సమాధానం, పాచిక చేతబట్టకముందే, నియమావళి ఎన్నుకోవడంలోనే సగం నిర్ణయమై ఉంటుంది. చరిత్రగ్రంథాలకు కూడ ఇది వర్తిస్తుందని మా చరిత్రశాఖ మిత్రులు ఒప్పుకొన్నారు. ఆ మాత్రం అంగీకారం దొరకడం నాకు సామాన్య విషయం కాదు!

ఇతర కాలాలకు అనువైన నియమావళులను క్లుప్తంగా పేర్కొంటాను. ప్రాచీన, మధ్యయుగ యుద్ధాలకు ఫిల్ బార్కర్, రిచర్డ్ బోడ్లీ స్కాట్ 1990లో ప్రకటించిన 'డి.బి.ఏ.' ప్రసిద్ధం. పక్షానికి పన్నెండే పీటలు, రెండడుగుల బల్ల, గంటలోపు ఆట. వంతు వంతుకు ఒక పాచిక వేసి, ఎన్ని చుక్కలు పడితే అన్ని గుంపులనే కదపాలి. ఒక్క చుక్క పడిననాడు సేనాపతి నిస్సహాయత ఏమిటో అర్థమవుతుంది. దీని భాష మాత్రం చట్టగ్రంథం వలె బిగుసుకొని ఉంటుంది. ఒక్కొక్క వాక్యాన్ని మూడుసార్లు చదవాలి. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల మహాసంగ్రామాలకు 1994 నాటి 'వాలీ అండ్ బేయొనెట్' మంచిది. అందులో ఒక వంతు ఒక గంట. రిక్ ప్రీస్ట్‌లీ, జర్విస్ జాన్సన్ వ్రాసిన 'బ్లాక్ పౌడర్' లో ఆటగాడు తన ఆజ్ఞను ముందుగా పైకి చెప్పి పిదప పాచికలు వేయాలి. చెప్పినది జరగకపోయినపుడు తోటివారి నవ్వులు భరించాలి. విద్యార్థులు మిక్కిలి ఇష్టపడినది ఇదే. కాని దీనికి పెద్ద బల్ల, బొమ్మలు మెండుగా కావాలి. కళాశాలకు, అందునా గంట కొట్టగానే లేచిపోవలసిన మనవంటివారికి, నీల్ థామస్ 2014లో ప్రకటించిన 'వన్ అవర్ వార్‌గేమ్స్' అన్నింటికంటె మేలు. పక్షానికి ఆరు దళాలు మించవు. మూడడుగుల చదరపు బల్ల. ఆడదగిన సన్నివేశాలు ముప్పై అందులోనే ఉన్నవి. లోతు తక్కువ అని పెద్దలు విమర్శించవచ్చు గాని, మొదలుపెట్టిన ఆట ముగించడం కూడ ఒక గుణమని మూడు ఆదివారాల అనుభవం తరువాత నా అభిప్రాయం.

యుద్ధాన్ని ఆట చేయవచ్చునా అని ఒక పెద్దాయన నన్ను సూటిగా అడిగారు. తేలిక ప్రశ్న కాదు. గెటిస్‌బర్గ్‌లో మూడు దినాలలో చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, కానరాకపోయినవారు కలిసి సుమారు యాభైవేలు. మేము మలిసారి సరియైన నియమావళితో జూలై 3 నాటి పికెట్ దాడిని ఆడినపుడు, ఒక విద్యార్థిని బల్లమీదినుండి తీసివేసిన పీటలను ఒక ప్రక్కన పేర్చుతూ, "ఒక్కొక్కటి ఇన్నూరు కదా సార్?" అని అడిగింది. అవునన్నాను. ఆమె లెక్కపెట్టి నల్లబల్లపై ఆ సంఖ్య వ్రాసి, ఆట ముగిసేవరకు చెరపనీయలేదు. ఒక పీట అంటే ఎందరో ఆటగాడు మరచిపోయే నియమావళి నాకు నచ్చదు. 'లిటిల్ వార్స్' చివర వెల్స్ కూడ, నిజమైన మహాయుద్ధం ఎంత మొరటు వ్యవహారమో ఈ బొమ్మల ఆటే తనకు తెలియజెప్పిందన్న భావం వెలిబుచ్చాడు. మరుసటి యేడే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది.

చివరగా మన నేలమీద జరిగిన ఒక పోరు సంగతి. 1758 డిసెంబరులో పిఠాపురానికి చేరువనున్న చందుర్తి వద్ద ఆంగ్లేయులకు, ఫ్రెంచివారికి యుద్ధం జరిగినది. విజయనగరపు ఆనందగజపతిరాజు పిలుపునందుకొని క్లైవు బెంగాలు నుండి పంపిన కర్నల్ ఫోర్డు వద్ద సుమారు 470 మంది ఐరోపావారు, 1,900 మంది సిపాయిలు ఉన్నారు. గజపతి బలగం అదనం. ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ వద్ద సుమారు 500 మంది ఐరోపావారు, 6,000 మంది సిపాయిలు. ఫోర్డు దళాలను మూడు వరుసలుగా నిలిపితే ఇందాకటి లెక్కన వెడల్పు అయిదువందల మీటర్లకు లోపే. ఆరడుగుల బల్లపై పట్టే యుద్ధం! పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. ఫలితం మాత్రం పెద్దది. దాని వెనువెంటనే 1759 ఏప్రిలులో మచిలీపట్నం కోట ఫ్రెంచివారి చేజారింది. ఉత్తర సర్కారులలో వారి ప్రాబల్యం అంతటితో అస్తమించింది.

ఈ యుద్ధం ఒక పొరపాటు మీద తిరిగినది. ఫోర్డు ఐరోపా పటాలం ఎత్తైన పైరుచేని మరుగున పడి కనిపించలేదు. బెంగాలు సిపాయిలు ఎర్ర అంగీలు తొడిగి ఉన్నారు. ఆ అంగీలు చూచిన ఫ్రెంచివారు వారినే ఆంగ్లపటాలమనుకొని తమ ఐరోపా దళాన్ని వారి మీదికి నడిపారు. సిపాయిలు చెదరగా వెంటతరిమారు. అంతలో అసలు పటాలం వచ్చి ప్రక్కనుండి తాకింది.

దీనిని మేము మొదట పెద్ద యుద్ధాల నియమావళితోనే ఆడాము. గెటిస్‌బర్గ్ పరాభవం నుండి నేర్చుకొన్న పాఠాన్ని నేను అతిగా నేర్చుకొన్నానన్నమాట. అరగంటలో ఆట ముగిసింది. ఫ్రెంచివారు గెలిచారు! ఎందుకు గెలవరు? పీటలన్నీ బల్లమీద బాహాటంగా ఉన్నవి. చేను ఆకుపచ్చ కాగితపు ముక్క, దాని వెనుక ఆంగ్లపటాలం. కాన్‌ఫ్లాన్స్ పాత్ర వహించిన విద్యార్థి దానిని చక్కగా చూచి, సిపాయిలను విడిచి నేరుగా దానిమీదికే వెళ్ళాడు. తెలివైన పని. కాని చందుర్తిలో జరిగినదానికి, మేము ఆడినదానికి సంబంధం లేదు. ఆ తెలివి నిజమైన కాన్‌ఫ్లాన్స్‌కు అందుబాటులో లేదు.

అప్పుడు మరల రైస్‌విట్జ్ వద్దకు వెళ్ళాను. ఆయన ఆటలో ఒక పక్షపు దళాలన్నీ మరొక పక్షానికి కనబడవు. మధ్యనుండే అంపైరుకు మాత్రమే అంతా తెలుసు. ఎవరి కంటికి ఏది కనబడుతుందో అదే అతడు వారికి చెప్తాడు. 1876లో వెర్డీ దు వెర్నాయిస్ అనే మరొక ప్రష్యన్ అధికారి పట్టికలను చాలవరకు వదలి, అనుభవజ్ఞుడైన అంపైరు తీర్పునే ప్రధానం చేశాడు. చిన్న పోరాటాలకు, ముఖ్యంగా కంటికి కనబడనిది ఫలితాన్ని నిర్ణయించే పోరాటాలకు, ఈ పద్ధతి ఉత్తమమని నాకు తోచినది. ఇందులో ఖర్చు కూడ లేదు. రెండు గదులు, రెండు పటాలు, మధ్య తిరగడానికి ఒక అంపైరు చాలు.

ఈసారి కాన్‌ఫ్లాన్స్ పాత్రను చందుర్తి కథ తెలియని మరొక విద్యార్థికి ఇచ్చాను. ఎదురుగా ఎర్ర అంగీల దళమొకటి కనబడుతున్నదని, దానికి కొంచెం ప్రక్కగా ఎత్తైన చేను ఉన్నదని మాత్రం చెప్పాను. అతడు పటం చూస్తూ చాలాసేపు పెన్సిలు కొరికాడు.

"సార్, ఆ చేను వెనక ఏముందో తెలుసుకోవచ్చునా?"

"తెలుసుకోవచ్చు. రౌతును పంపాలి. అతడు వెళ్ళి తిరిగివచ్చేసరికి రెండు వంతులు గడుస్తవి."

"ఈలోగా ఎర్ర అంగీలవాళ్ళు ఫిరంగులు సర్దుకుంటారేమో?"

"సర్దుకోవచ్చు."

అతడు మరి కాసేపు ఆలోచించి, రౌతు వద్దన్నాడు. తన పటాలాన్ని ఎర్ర అంగీల మీదికి నడపమని కాగితం మీద వ్రాసి సంతకం చేసి నా చేతికిచ్చాడు.